క్లార్క్‌స్టన్ మీకంత దూరమా?

అట్లాంటా ప్రాంతంలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ట్రస్టీలకు,



మీ సేవా కార్యక్రమాల క్యాలెండర్‌లో ఒక్క శనివారం క్లార్క్‌స్టన్‌లోని శరణార్థి కుటుంబాలకు కేటాయించమని కొందరు వాలంటీర్లం కలిసి అడిగాం. డబ్బు అడగలేదు. స్టేజీ అడగలేదు. నాలుగు కార్లు, పదిమంది మనుషులు, మీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ అడిగాం. కుదరదన్నారు. ఒక సంఘం మర్యాదగా ఉత్తరం రాసింది, ఇంకో సంఘం వారు ఫోన్లో చెప్పారు, మిగతావారు జవాబే ఇవ్వలేదు. చెప్పినవాళ్ళ కారణాలు ఇంచుమించు ఒకటే: వాళ్ళు మనవాళ్ళు కారు, వాళ్ళకు ప్రభుత్వం అన్నీ ఇస్తుంది, ఈ రోజుల్లో ఇలాంటి వాటిలో తలదూరిస్తే మనకే చిక్కు.

ఈ మాటలు విని ఊరుకోలేక నలుగురి ముందూ అడుగుతున్నాను. మీవి ఇంటి ముందు పందిరి వేసుకుని చేసుకునే పేరంటాలు కావు. పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థలుగా నమోదై ఉన్నారు. తెలుగువాళ్ళ పేరు చెప్పి విరాళాలు తీసుకుంటున్నారు. ‘మన కమ్యూనిటీ’ అన్న ప్రతిసారీ అందులో నన్నూ నా పిల్లల్నీ కలిపి లెక్కేసుకుంటున్నారు. అలాంటప్పుడు మా అందరి తరఫునా మీరు ఎవరికి తలుపు వేస్తున్నారో అడిగే హక్కు మాకు లేదంటారా?

రివర్‌డేల్ వెంకటేశ్వరస్వామి గుడికి కమ్మింగ్ నుంచో ఆల్ఫరెట్టా నుంచో బయల్దేరి 285 తూర్పువైపు పట్టుకుంటే క్లార్క్‌స్టన్ పక్కనుంచే వెళ్తాం. డెకటూర్ పటేల్ ప్లాజాలో కరివేపాకు కొనుక్కుని కారెక్కితే పది పదిహేను నిమిషాల్లో అక్కడుంటాం. పద్నాలుగు వేల పైచిలుకు జనాభా ఉన్న చిన్న ఊరది. మొదట్లో వియత్నాం నుంచి, ఆ తర్వాత బోస్నియా, సోమాలియా, కాంగో, భూటాన్, బర్మా, సిరియా, అఫ్ఘానిస్తాన్ నుంచి కుటుంబాలు నలభై ఏళ్ళుగా వస్తూనే ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కడ యుద్ధం జరిగినా కొన్నేళ్ళకు ఆ దేశపు పేర్లు క్లార్క్‌స్టన్ అపార్ట్‌మెంట్ల పోస్టు డబ్బాల మీద కనిపిస్తాయి. ఉత్తర జార్జియా కోళ్ళ ప్లాంట్లలో షిఫ్టు కోసం తెల్లారకముందే వ్యాన్లెక్కేవాళ్ళు అక్కడ ఎంతోమంది ఉంటారు. వాళ్ళు కోసి, శుభ్రం చేసి, పాకెట్లు కట్టిన చికెన్ మీ ఇంట్లో ఆదివారం వండుకోవడానికి అభ్యంతరం లేదు కదా?

ముందుగా ‘ప్రభుత్వం అన్నీ ఇస్తుంది’ అన్న మాట సంగతి చూద్దాం. ఎందుకంటే మంచివాళ్ళు కూడా నమ్మేది దీన్నే.

శరణార్థి హోదాతో వచ్చే కుటుంబం విమానం టికెట్ల డబ్బు అప్పుగా తీసుకుని వస్తుందని మీకు తెలుసా? వడ్డీ ఉండదు కానీ, దిగిన ఆరు నెలల నుంచి నెలనెలా కట్టి అసలంతా తీర్చాలి. అయిదుగురు పిల్లలున్న ఇంటికి అది ఎంతవుతుందో, ఏటా వేసవిలో హైదరాబాద్ టికెట్లు కొనే మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. దిగాక పునరావాస సంస్థ చెయ్యి పట్టుకుని నడిపించేది 90 రోజులు. ఇల్లు, సోషల్ సెక్యూరిటీ కార్డు, పిల్లల టీకాలు, స్కూలు, ఉద్యోగం అన్నీ ఆలోపే తేలాలి. ఆ పైన కొత్తవాళ్ళకిచ్చే నగదు సాయం, వైద్య సాయం 2022 నుంచి 12 నెలలు ఉండేవి. 2025 మేలో వాటిని 4 నెలలకు కుదించారు.

అంతకు ముందే, 2025 జనవరి 24న, పని ఆపెయ్యమని పునరావాస సంస్థలకు ఉత్తర్వులు అందాయి. ఇంకా రానివాళ్ళ సంగతి సరే, అప్పటికే దిగి ఆ 90 రోజుల మధ్యలో ఉన్న కుటుంబాల డబ్బు కూడా ఆగిపోయింది. అద్దె కట్టాల్సిన తేదీ మాత్రం ఆగలేదు. సంస్థల్లో కేస్‌వర్కర్ల ఉద్యోగాలు పోయాయి. నిన్నటిదాకా ఆ కుటుంబాల ఫోన్లు ఎత్తినవాళ్ళే నిరుద్యోగ భృతి ఫారాలు నింపుకున్నారు. చర్చిల వాళ్ళు, మసీదుల వాళ్ళు, పేరు చెప్పుకోని మామూలు మనుషులు చందాలేసుకుని అద్దెలు కట్టారు. ఆ నెలల్లో మన సంఘాల్లో ఏ కార్యక్రమాలు జరిగాయో మీ పాత ఫ్లయర్లు తీసి మీరే చూసుకోండి.

2025 జులై 4న సంతకమైన చట్టంతో గ్రీన్‌కార్డు లేని శరణార్థులు స్నాప్‌కు, అంటే మనం ఫుడ్ స్టాంపులనే సాయానికి, అనర్హులయ్యారు. అదే ఏడాది నవంబరులో ఇమిగ్రేషన్ శాఖ, 2021 జనవరి తర్వాత వచ్చిన శరణార్థుల ఫైళ్ళన్నీ తిరగదోడాలనీ, వాళ్ళ గ్రీన్‌కార్డుల మంజూరు ఆపాలనీ ఆదేశించింది. గ్రీన్‌కార్డు ఉంటేనే తిండి సాయం. ఆ గ్రీన్‌కార్డేమో ఆపేశారు. ఇందులో మీరు చెప్పిన ‘అన్నీ’ ఎక్కడున్నాయో కాస్త చూపిస్తారా?

‘ఇప్పుడు కొత్తవాళ్ళు రావడమే లేదు కదమ్మా, ఇంక సాయం ఎవరికి?’ అని కూడా ఒక పెద్దాయన అన్నారు. నిజమే, దాదాపుగా రావడం లేదు. 2024 ఆర్థిక సంవత్సరంలో లక్షమంది వచ్చారు. అంతకు ముందు మూడు దశాబ్దాల్లో ఏ ఏడాదీ అంతమంది రాలేదు. 2026కు శరణార్థుల పరిమితిని 7,500కు దించి, అందులో ఎక్కువభాగం దక్షిణాఫ్రికా తెల్లవాళ్ళకని చెప్పారు. కానీ 2023లో, 2024లో దిగినవాళ్ళు ఎక్కడికి పోయారు? ఇక్కడే ఉన్నారు. సాయం చేసే చేతులు తగ్గాయి, అవసరాలు పెరిగాయి. వాలంటీరు కావాల్సింది ఇప్పుడే.

ఈ సేవ ఎలా ఉంటుందో మీకు చెప్పినవాళ్ళు లేరేమో. ఇందులో ఫొటోకు పనికొచ్చేది చాలా తక్కువ. నేను వెళ్ళే సంస్థలో ఎక్కువ పని ఉత్తరాలు చదవడం. మెడికెయిడ్ రెన్యూవల్ నోటీసు, కరెంటు బిల్లు, ఇది బిల్లు కాదని పైనే రాసి ఉన్న ఇన్సూరెన్స్ కాగితం, క్రెడిట్ కార్డు ప్రకటన, ఇంగ్లీషు చదవడం రానివాళ్ళకు ఇవన్నీ ఒకేలా ఉంటాయి. ఒక తల్లి ప్రకటనలన్నీ భద్రంగా ఫైల్లో పెట్టుకుని, రెన్యూవల్ నోటీసును చెత్తబుట్టలో వేసింది. గడువు దాటాక పిల్లవాడి ఉబ్బసం మందు కోసం ఫార్మసీకి వెళ్తే కార్డు పనిచెయ్యదన్నారు. జార్జియా గేట్‌వే వెబ్‌సైటులో మళ్ళీ దరఖాస్తు పెట్టి, జీతం చిట్టీలు ఫొటోలు తీసి ఎక్కించి, ఆఫీసుకు ఫోన్ చేసి వాళ్ళు పెట్టే పాట వింటూ కూర్చుంటే పని అయింది. వీసా కాగితాలు, పన్ను కాగితాలు, ఇన్సూరెన్స్ కాగితాలు నమిలి మింగిన జాతి మనది. పిటిషన్ నంబరు కంఠతా వచ్చినవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు? ఆ విద్య ఇంతకంటే బాగా ఎక్కడ పనికొస్తుంది?

కొత్తవాళ్ళు వస్తున్న రోజుల్లో వాళ్ళు దిగేలోపు ఇల్లు సర్దేవాళ్ళం. మంచాలు, మనిషికో కుర్చీ, గిన్నెలు, బల్బులు, ఒక అలారం గడియారం, ఇలా ఏమేం ఉండాలో ప్రభుత్వ జాబితాయే ఉండేది. దిగిన పూట తినడానికి వాళ్ళ అలవాటుకు తగ్గ భోజనం సిద్ధంగా ఉంచాలన్నది కూడా నిబంధనే. బర్మా నుంచి వచ్చిన ఇంటికి అన్నం, చేపల పులుసు వండి పంపడానికి తెలుగు వంటింటిని మించింది ఏముంది? ఉగాదికి ఆరువందల మందికి పచ్చడి కలిపే మీ ఫుడ్ కమిటీకి ఆ పని ఒక లెక్కా?

భాష సంగతీ అంతే. రోహింగ్యా, అఫ్ఘాన్, భూటాన్ నేపాలీ కుటుంబాల్లో చాలామందికి హిందీ, ఉర్దూ అర్థమవుతాయి. సగం సినిమాల పుణ్యం, సగం బతుకుతెరువు కోసం తిరిగిన దారుల పుణ్యం. మలక్‌పేటలోనో మెహదీపట్నంలోనో పెరిగిన కుర్రవాడు వచ్చి రెండు ముక్కలు మాట్లాడితే ఆ ఇంటివాళ్ళ మొహాలు వెలుగుతాయి. ఆసుపత్రిలో, కోర్టులో శిక్షణ ఉన్న దుబాసీ తప్పనిసరి, అక్కడ మన హైదరాబాదీ చెల్లదు. మార్టా బస్సు ఎక్కడ మారాలో, స్కూలు నుంచి వచ్చిన కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పడానికి మాత్రం బాగా చెల్లుతుంది.

ఒక్కసారి మీరు ఈ దేశంలో దిగిన రోజు గుర్తు తెచ్చుకోండి. ఎయిర్‌పోర్టుకు కారు తెచ్చిన సీనియర్ ఎవరు? మొదటి రెండు వారాలు హాల్లో పరుపేసి పడుకోనిచ్చింది ఎవరు? బ్యాంకుకి, సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి తీసుకెళ్ళింది, డ్రైవింగ్ టెస్టుకి సొంత కారు ఇచ్చింది, ‘క్రెడిట్ కార్డు కనీస మొత్తం కట్టి ఊరుకోకు’ అని తిట్టింది ఎవరు? మీలో చాలామంది ఆ తర్వాత మరెందరికో ఆ సీనియర్ అయ్యారు. అది మీ సంఘాల అసలు బలం, మహాసభల కంటే కూడా. ఇప్పటికీ ఆగస్టులో విద్యార్థులు దిగితే మీ గ్రూపుల్లో అర్ధరాత్రి కూడా పికప్‌లు కుదురుతాయి. మనకు సీనియర్లున్నారు. శరణార్థికి సీనియర్ ఎవరు?

‘మేం కష్టపడి చదువుకుని, చట్టప్రకారం వచ్చాం, వాళ్ళలా కాదు’ అన్నది ఉత్తరంలో రాయరు కానీ మాటల్లో దొర్లుతుంది. శరణార్థి చట్టప్రకారం కాక ఇంకెలా వచ్చాడు? విమానం ఎక్కకముందే ఇంటర్వ్యూలు, భద్రతా తనిఖీలు, వైద్య పరీక్షలు అన్నీ దాటి వస్తాడు. చాలామందికి అందులోనే ఏళ్ళు గడుస్తాయి. మన చదువు సంగతికొస్తే, 1923లో ఇదే దేశపు సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి పనికిరారంది. 1946లో ఏడాదికి 100 మందికి తలుపు ఓరగా తీశారు. అప్పుడూ మనవాళ్ళలో చదువుకున్నవాళ్ళున్నారు. ఆ తలుపు సరిగ్గా తెరిచింది 1965 చట్టం. ఆ రోజుల్లో ఈ అట్లాంటా నల్లవాళ్ళు వీధుల్లోకి వచ్చి తెచ్చిన పౌరహక్కుల ఊపు లేకుండా అది వచ్చేదా? మన మెరిట్ మాత్రమే మనల్ని ఇక్కడికి తేలేదు.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేతేలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను ‘నా దేశం వదిలి పో’ అంటూ కాల్చి చంపినవాడికి హెచ్-1బి ఉందో లేదో పట్టలేదు. తాను కాల్చింది ఇరాన్ వాళ్ళననుకున్నాడు. ఆ రాత్రి అడ్డుపడి తూటా తిన్న ఇయాన్ గ్రిలాట్ తెలుగువాడూ కాదు, భారతీయుడూ కాదు. అతని ఇంటి కోసం హ్యూస్టన్‌లో మనవాళ్ళు చందాలేసి లక్ష డాలర్లు ఇస్తే అందరం గర్వపడ్డాం. అతను ఆ క్షణంలో ‘వీళ్ళు మా కమ్యూనిటీ కాదు’ అనుకుని బల్ల కిందే ఉండిపోయి ఉంటే?

ఇక ‘మనవాళ్ళు కారు’ అన్నది. మాది శ్రీకాకుళం జిల్లా. మా తాతల తరంలో రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళిన మనిషి లేని వీధి లేదు. కళింగపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో ఓడలెక్కి పోయి రంగూన్ రేవులో బస్తాలు మోశారు, రైసుమిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1930 మేలో రేవు కూలీల సమ్మె తర్వాత తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. మా కూలి మీరు లాక్కుంటున్నారన్నదే అప్పుడూ మన మీద కోపం. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక, 1942లో సుమారు 5 లక్షలమంది భారతీయులు బర్మా వదిలి పరుగెత్తారు. ఓడల్లో చోటు దొరకనివాళ్ళు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. కలరా, మలేరియా, ఆకలి దారిలోనే వేలమందిని తినేశాయి. బతికి అస్సాం వైపు చేరినవాళ్ళకు క్యాంపులు పెట్టి తిండి పెట్టిన వాళ్ళలో అక్కడి టీ తోటల యజమానుల సంఘం ముందుంది. 1960ల్లో బర్మా సైనిక ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేశాక మళ్ళీ ఓడలు నిండాయి. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఎలా వెలిసిందో మీలోని ఉత్తరాంధ్ర వాళ్ళనడగండి, చెబుతారు.

అస్సాం క్యాంపుల్లో మనవాళ్ళకు గంజి పోసినవాళ్ళు ఏ తెలుగు సంఘం సభ్యులు? కులగోత్రాలు అడిగారా, భాష అడిగారా? ఆ బర్మా నుంచే, ఆ అరకాన్ నుంచే ఇవాళ కరెన్, చిన్, రోహింగ్యా కుటుంబాలు మన గుడికి పోయే దారి పక్కన కాపురాలు పెట్టుకున్నాయి. వాళ్ళకూ మనకూ ఏ సంబంధమూ లేదని మా తాతలు బతికుంటే వాళ్ళ ముందు అనగలరా?

డిసెంబరులో మీరు ఊళ్ళకు వెళ్ళి పెట్టే వైద్య శిబిరాలను, బడులకిచ్చే బల్లలను నేను తక్కువ చెయ్యను. మా ఊరి బడికీ అలా వచ్చిన కంప్యూటర్లున్నాయి. కానీ ఏడాది పొడవునా బతికే ఊరి మీద బాధ్యత లేకుండా, పది రోజులు వెళ్ళే ఊరి మీదే బాధ్యత ఎలా ఉంటుంది? ఇక్కడి రోడ్లు, ఇక్కడి స్కూళ్ళు, ఇక్కడి పార్కుల్లో మన బతుకమ్మకిచ్చే పర్మిట్లు మనవే అయినప్పుడు, ఇక్కడి పేదలు మాత్రం పరాయివాళ్ళా?

మూడోది భయం. దాన్ని నేను వెక్కిరించను. 2025లో చిన్నచిన్న ట్రాఫిక్ కేసులకే విద్యార్థుల వీసా రికార్డులు రద్దయ్యాయి. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి పిటిషన్ మీద లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఈ పరిస్థితుల్లో వీసా మీదున్న పిల్ల జంకితే ఆమె తప్పు కాదు. ఆమెను ముందుకు నెట్టమని నేను అడగడం లేదు. మామూలుగా జీతమిచ్చి చేయించని పనిని, జీతం ఆశించకుండా ధార్మిక సంస్థకు చేసిపెడితే అది ఉద్యోగం కిందికి రాదు. అనుమానం ఉంటే మీ మహాసభల్లో ఉచిత సలహాల స్టాలు పెట్టే ఇమిగ్రేషన్ లాయర్లనే అడగండి. అసలు నా ప్రశ్న మీ గురించి. మీ కార్యవర్గాల్లో, ట్రస్టీల్లో సిటిజన్‌షిప్ వచ్చి పదీ ఇరవై ఏళ్ళయినవాళ్ళే కదా ఎక్కువ? ఆరో తరగతి పిల్లకు భిన్నాలు చెప్పినందుకు మిమ్మల్ని ఎవరు ఏం చేస్తారు? ఎన్నికలప్పుడు అభ్యర్థుల ఫండ్‌రైజర్లలో పక్కన నిలబడి ఫొటోలు దిగినప్పుడు రాని వివాదం, ఒక ముసలమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే వస్తుందా?

పిల్లల మాట కూడా చెప్పాలి. హైస్కూలు పిల్లలకు సర్వీసు గంటలు కావాలని మీరే కార్యక్రమాలు పెడతారు. మంచిదే. కానీ గోడౌన్‌లో సంచులు సర్ది, కాగితం మీద సంతకం పెట్టించుకుని వచ్చే గంటల్లో పిల్లలకు ఎవరైనా ఎదురుపడుతున్నారా? వాళ్ళ వయసే ఉన్న కాంగో కుర్రవాడు, మూడు భాషలొచ్చి నాలుగోదైన ఇంగ్లీషులో ఆల్జీబ్రా అర్థంకాక తల పట్టుకున్నవాడు, పక్కన కూర్చుంటే మన పిల్లలు నేర్చుకునేది కాలేజీ వ్యాసంలో పట్టదు. వారాంతపు లెక్కల క్లాసులకు మనం పోసే డబ్బు సంగతి అందరికీ తెలిసిందే. ఆ లెక్కలను నలుగురికి పంచితే అరిగిపోతాయా?

కాబట్టి అడిగిందే మళ్ళీ అడుగుతున్నాను, ఈసారి ఇంకాస్త ఎక్కువే. ఒక్క శనివారం చాలదు. నెలకొక శనివారం ఉత్తరాలు చదివేందుకు, ఫారాలు నింపేందుకు పదిమంది కావాలి. ఫారాలు నింపేవాళ్ళు సలహాలివ్వకూడదు, అవి లాయర్ల పని. అందుకని ముందు ఒక పూట శిక్షణ ఉంటుంది, సంస్థే ఇస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడా వాళ్ళే చేయిస్తారు. వారానికి రెండు సాయంత్రాలు పిల్లల చదువుకు మీ హైస్కూలు పిల్లలు కావాలి. డ్రైవింగ్ నేర్పే ఓపికున్నవాళ్ళు కావాలి, వీళ్ళ కొరత అన్నిటికంటే ఎక్కువ. ఫర్నిచర్ మార్చుకునే ఇళ్ళ నుంచి మంచాలు మోసే ట్రక్కు ఒకటి. స్నాప్ పోయిన ఇళ్ళకు బియ్యం, పప్పు, నూనె. మన ఊళ్ళ వాళ్ళు నడిపే కంపెనీల్లో, మోటెళ్ళలో, రెస్టారెంట్లలో, గోడౌన్లలో మొదటి ఉద్యోగాలు. కోళ్ళ ప్లాంటు తప్ప ఇంకో తలుపు తెలియని మనుషులకు మీరు చేసే ఒక్క ఫోన్ కాల్ విలువ ఎంతో మీకే తెలుసు, మీలో కొందరికి మొదటి ఉద్యోగం అలాగే వచ్చింది.

మీ వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో ఈ విషయం చేర్చండి. పిలిస్తే నేను వస్తాను, నాతోపాటు సంస్థ నుంచి ఒకరిని తీసుకొస్తాను, పావుగంట చాలు. మీ నిర్ణయం ఏదైనా ఫోన్లో చెప్పొద్దు. సభ్యులందరికీ వెళ్ళే న్యూస్‌లెటర్లో అచ్చువెయ్యండి. సరేనన్నట్లయితే తేదీ వెయ్యండి. కాదన్నట్లయితే కారణం వెయ్యండి, మాతో ఫోన్లో అన్న మాటల్లోనే.

భవదీయురాలు,
ఒక వాలంటీరు, మీ సంఘం శాశ్వత సభ్యురాలు
అట్లాంటా